గంజికి వేసిన బీగం

అక్క పోయిన పదమూడో రోజున ఆమె ట్రంకు పెట్టె నేనే తెరిచాను. పట్టుచీరలు ఎవరికి అన్న విషయం మీద మిగతావాళ్ళు చాలా మర్యాదగా పోట్లాడుకుంటున్నారు కాబట్టి అడుగున ఉన్నవాటి జోలికి ఎవరూ రాలేదు. అడుగున బావ పాత కళ్ళజోడు, ఒక గళ్ళ రుమాలు, దాని మడతలో ఒక ఇత్తడి బీగం. తాళాన్ని మా వైపు బీగం అంటాం. అరచేతిలో పట్టనంత పెద్దది. వేసింది వేసినట్టే ఉంది, చెవి లేదు. అక్క మనవడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాత సామాను కొనేవాళ్ళు దీన్ని కళ్ళకద్దుకుంటారని చెప్పాడు. దేనికీ వేయని బీగాన్ని వాళ్ళ అవ్వ ఇన్నేళ్ళు చీరల కింద ఎందుకు దాచిందని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పాల్సి వచ్చేది. అది నేను వేసిన బీగం. శాస్త్రవిజ్ఞానానికి నేను చేసిన సేవ మొత్తం అంతే. దానివల్ల ఒక వీధిలోని మగ్గాలన్నీ ఆగిపోయినంత పనైంది.

మా ఊరు ఆర్.కె.పేటకూ తిరుత్తణికీ మధ్య, ఎవరూ దిగాలని అనుకోని చోట ఉండేది. తిరుత్తణి అప్పట్లో చిత్తూరు జిల్లా. తర్వాత మేము గడప దాటకుండానే రాష్ట్రం మారాం. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, కోపమొస్తే రెండూ. మాకు కాస్త మెట్ట పొలం, దాని గట్ల వెంట చింతచెట్లు ఉండేవి. ఎండలు ముదిరేసరికి చింతకాయ రాలి, పది పదిహేనుమంది ఆడవాళ్ళు మా పంచలో కూర్చుని, రాతి మీద పెట్టి కర్రతో కొట్టి పిక్కలు తీసేవారు. ఆ పులుపు వాసనకు వీధిలో పోయేవాళ్ళు కూడా గుటకలు మింగేవారు. పండు కుండల్లోకి, పిక్కలు గోతాల్లోకి పోయేవి. పండు సంగతి అందరికీ కావాలి, పిక్కల సంగతి ఎవరికీ అక్కర్లేదు. వాటిని గొడ్లచావిట్లో ఒక మూల పోసి ఉంచేవారు. నాయన రోజూ పొద్దున్నే కాఫీ తాగి, పొడుం పీల్చి, మూడుసార్లు తుమ్మి, ఆ రోజు ఎవరిని నమ్మకూడదో చెప్పేవారు. ఆ జాబితాలో బంధువులు ముందుండేవారు. యుద్ధం అయిపోయిందన్నారు గానీ రేషను అయిపోలేదు. అమ్మ బియ్యం డబ్బా మూసేముందు బియ్యం పైన చూపుడువేలితో ఒక గీత గీసేది. ఎవరైనా చెయ్యి పెడితే గీత చెరిగిపోతుంది. మా ఇంట్లో దొంగలెవరూ లేరు. అయినా ఆ గీత ప్రతి పూటా కొత్తది పడేది. అటువంటి ఇంట్లో ఆడపిల్లగా పెరిగి, ఆపైన మద్రాసులో తర్కశాస్త్రం చదివి బి.ఎ. పట్టా పుచ్చుకుని వచ్చాను. నాకు ఏ కొంచెం అమాయకత్వం మిగిలి ఉన్నా దాన్ని కాలేజీ తీసేసింది.

అక్క మొగుడు, మా రాఘవ బావ, మద్రాసులో ఒక కాలేజీలో రసాయనశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా ఉండేవాడు. పదేళ్ళపాటు ఆమ్లాల మధ్యా అమోనియా మధ్యా నిలబడినందువల్ల ఆయన ముక్కు ముందు రాజీనామా చేసింది, తర్వాత ఆయన చేశాడు. కారణం చింతపిక్కలు. వేయించి, తోలు తీసి, పిండి కొట్టి, మూడు నీళ్ళు కడిగి, ఆరబెట్టి ఉడకబెడితే అది బియ్యపు గంజికంటే బాగా నూలుకు పట్టుకుంటుందని ఆయన కనిపెట్టాడు. దాని మీద ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశాడు, అచ్చయింది. దాన్ని చదివినవాళ్ళు ముగ్గురు: అచ్చు వేసినవాడు, బావ, నేను. నాకు సగమే అర్థమైంది కాబట్టి రెండున్నర అనుకోవచ్చు. ఆ వ్యాసంతో తృప్తిపడి ఉంటే ఆయన ప్రొఫెసరు అయ్యేవాడు. కానీ ఆయనకు ఆ పిండి గాజు బుడ్డిలోంచి దిగి మగ్గం మీద కూర్చోవాలని కోరిక పుట్టింది. ఉద్యోగం వదిలి, అక్కను వెంటబెట్టుకుని, రెండు పెట్టెల గాజు సామానుతో మా ఇంట్లో దిగాడు. నాయన పొడుం పీల్చి తుమ్మి, "ఇల్లరికానికి ఇంతకంటే గౌరవంగా కారణం చెప్పిన అల్లుణ్ణి నేను చూడలేదు," అన్నారు. నాకు పెళ్ళి సంబంధం కుదిరేదాకా చేతిలో ఏదో పని ఉండాలని నన్ను బావకు గుమాస్తాగా ఇచ్చారు.

మా ఇంటి వెనకే నేతవాళ్ళ వీధి. ముప్ఫై మగ్గాలు, అన్నిటి మీదా గళ్ళ రుమాళ్ళే. అక్కడ తెల్లవారడం అంటే పడుగులు సాగదీయడమే. నిలువు నూలును పడుగంటారు. దాన్ని వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా కర్రల మీద సాగదీసి కట్టి, గంజి చల్లి, పెద్ద కుంచెలతో దువ్వాలి. లేకపోతే మగ్గం మీద పోగులు తెగుతాయి. ఎండ ఎక్కకముందే అయిపోవాలి కాబట్టి ఒక ఇంటి పడుగుకు నాలుగిళ్ళ చేతులు పడేవి. ఆ వీధి మీదుగా ఆ వేళ బండి తోలినవాడికి తర్వాత ఆ వీధిలో మంచినీళ్ళు కూడా పుట్టేవి కావు. గంజి మామూలు గంజి కాదు, పులిసిన గంజి. ప్రతి ఇంటా మూల ఒక కుండ, దాని మీద మూత, లోపల ఎప్పటిదో తెలియని పుల్లగంజి ఉండేది. పెరుగుకు తోడు వేసినట్టు ప్రతి కొత్త గంజిలోనూ దాన్ని ఒక చెంబు పోసేవారు. ఆడపిల్ల అత్తారింటికి పోతే అమ్మగారి కుండలోంచి ఒక చెంబు వెంట పంపేవారు. చదువుకున్న మనిషిని కాబట్టి అప్పుడు నేను దీన్ని మూఢనమ్మకాల కింద రాసుకున్నాను.

రేషను వచ్చాక తినే గంజికే గతి లేదు, నూలుకు పోసే గంజి ఎక్కడిది? మగ్గాలు ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి. కుండలు ఎండిపోయాయి. మునెమ్మ అనే ఆమె మాత్రం, అరవై దాటిన మనిషి, తన పాలికి వచ్చిన రాగిపిండిలోంచి రోజుకొక పిడికెడు కుండకు పోసి దాన్ని బతికించింది. కొడుకు కేకలేస్తే, "నాకంటే ముందు నించీ ఉండేది అది, దానికి లేకుండా నాకేంది?" అనేదట. అటువంటి సమయంలో బావ వీధి మధ్యన నిలబడి, బియ్యం అక్కర్లేదు, చింతపిక్కలు చాలు అని ఉపన్యాసం ఇచ్చాడు. వీధి అంతా విన్నది. ఎవరూ నమ్మలేదు. పశువులు కూడా తినని పిక్కకు ఇంత మర్యాద ఎందుకు చేస్తున్నాడో, అందులో ఈయనకు ఏం మిగులుతుందో అని వాళ్ళ అనుమానం. మునెమ్మ ఒక్కతే ముందుకొచ్చి బావ గిన్నెలోని తెల్లటి గంజిని రెండు వేళ్ళ మధ్య రుద్దింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, నాలుక మీద వేసుకుంది.

"జిగటుండాది అల్లుడయ్యా, బాగుండాది," అన్నది.

"వాసన చూశావా అవ్వా? ఏమీ లేదు కదా!" అన్నాడు బావ గర్వంగా. మూడు నీళ్ళు కడిగింది అందుకే.

"ఏమీ ల్యా," అన్నది మునెమ్మ. ఆ మాట ఆమె మెచ్చుకోలుగా అనలేదని నాకు తెలియడానికి ఇంకా రెండు నెలలు పట్టింది.

గొడ్లచావిడిలో ఒక కొట్టును బావ తన కార్ఖానా అన్నాడు. సాయంత్రం గంజి కాచి పెద్ద ఇత్తడి అండాలో పోసి చల్లారనిచ్చేవాడు, వేరే గతి లేక, తిట్టుకుంటూనే వీధివాళ్ళు పొద్దున్నే వచ్చి ముంచుకుపోయేవారు. ఆ మొదటి విడత రుమాళ్ళు మూటలు కట్టి తిరుత్తణి దాకా ఎద్దులబండి మీద, అక్కణ్ణించి రైల్లో తిరువళ్ళూరు తీసుకుపోయాం. అక్కడ కన్నయ్య షావుకారు గిడ్డంగి. ఆయనే మా వీధికి నూలు ఇచ్చేవాడు, ఆయనే బట్ట తీసుకుని మద్రాసు రేవులో ఓడలకు ఎక్కించేవాడు. నూలు దొరకని ఆ రోజుల్లో మా వీధి మొత్తం ఆ మనిషి చేతి మీద నడిచేది. ఆయన ఒక రుమాలు విప్పాడు. రంగు చూడలేదు, గళ్ళు లెక్కపెట్టలేదు. కళ్ళు మూసుకుని ముఖానికి దగ్గరగా పట్టుకుని ఒక్క క్షణం ఉండి, "సరి, కట్టుంగో," అని పనివాళ్ళ చేత మూటలు కట్టించి మళ్ళీ నూలు ఇప్పించాడు. నాకు ఆయన ముఖం తుడుచుకున్నాడనిపించింది. అమ్మకానికి వచ్చిన సరుకుతో ముఖం తుడుచుకునే మనిషిని నమ్మకూడదని డైరీలో రాసుకున్నాను. బావ తన నోటు పుస్తకంలో, కొత్త గంజికి బజారు ఒప్పుదల వచ్చింది అని రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

అప్పుడు నీలం కాగితం ఎర్రబడింది. పులుపు తగిలితే ఎర్రబడే కాగితపు ముక్కలు బావ దగ్గర ఉండేవి. రెండో విడతకు గంజి కాస్తున్న రోజుల్లో, ఎప్పుడూ సాయంత్రమే చూసే మనిషి ఒక పొద్దున ఎందుకో అండాలో ముంచి చూస్తే కాగితం సిగ్గుపడ్డట్టు ఎర్రబడింది. సాయంత్రం ముంచినప్పుడు నీలంగానే ఉంది. బావ ముఖం పాలిపోయింది. "ఎవరో ఇందులో ఏదో కలుపుతున్నారు సరోజా," అన్నాడు. ఆయన అన్నది ఒక్క మాట, నాకు అది ఉద్యోగం. మా ఇంట్లో ఎవరి అనుమానం వారికుంది. షావుకారు మనుషులే చేస్తున్నారని నాయన, పిల్లి అని అమ్మ. "గంజి పులిసిందేమో," అని అక్క. అది మరీ మామూలుగా ఉందని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేను తర్కం ఉపయోగించాను. వీధిలో అందరూ బావను తిడుతున్నారు, మునెమ్మ ఒక్కతే మెచ్చుకుంటోంది. కారణం లేకుండా ఎవరూ ఎవర్నీ మెచ్చుకోరు. కాబట్టి మునెమ్మ.

మర్నాడు తెల్లారి కోడి కూసే వేళకు కొట్టు పక్కన పిక్కల గోతాల వెనక కూర్చున్నాను. ఎక్కువసేపు కాపు కాయాల్సిన పని పడలేదు. మునెమ్మ దొంగలా రాలేదు. దగ్గుతూ, ఎవరినో తిట్టుకుంటూ, చేతిలో చెంబుతో తన ఇంట్లోకి వచ్చినట్టు వచ్చి, చెంబు అండాలో వంచి, చేత్తో ఒకసారి కలిపింది. నేను లేచి చెయ్యి పట్టుకున్నాను. ఈలోగా వీధిలోంచి గంజి ముంచుకోవడానికి వచ్చిన పదిమంది గుమ్మంలో నిలబడ్డారు.

"ఏం కలుపుతున్నావవ్వా ఇందులో?"

"తోడు."

"ఏం తోడు? ఎవరు చెప్పారు నీకు కలపమని?"

"ఎవురు చెప్పేదేంది అమ్మణ్ణీ? తోడు లేకుండా గంజి యాడన్నా ఉంటాదా? అల్లుడయ్య మగోడు, తెలవదు. నువ్వు ఆడపిల్లవే గదా."

"ఈ కుళ్ళు గంజి కలిపి ఆయన పరిశోధన అంతా పాడుచేస్తున్నావు. ఇది విషంతో సమానం, తెలుసా?" అన్నాను. పదిమంది ముందు అన్నాను. ఇంగ్లీషు మాట కూడా ఒకటి కలిపాను, బరువు కోసం.

మునెమ్మ నా వంక చూసింది. చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయింది. కొంచెంసేపటికి రెండు చేతులతో తన కుండ మోసుకుని వచ్చింది. వీధి మధ్యలో, అప్పుడే సాగదీసిన పడుగు పక్కన నిలబడి, మూత తీసి, కుండలో ఉన్నదంతా కాలువలో పోసేసింది. ఒక్క చుక్క లేకుండా దులిపింది. "విసం గదమ్మా. పిల్లాజెల్లా తిరిగే ఇంట్లో విసమెందుకు?" అన్నది. వీధిలో కుంచెల చప్పుడు ఆగిపోయింది. నేరం ఒప్పుకోవడం అంటే ఇదే అని నేను లెక్కవేసుకున్నాను. ఆ రోజే నాయన దగ్గర ఇత్తడి బీగం అడిగి తీసుకుని కొట్టుకు వేశాను. చెవి నా మెడలో గొలుసుకు తగిలించుకున్నాను. ఆ తర్వాత కాగితం ప్రతి పొద్దునా నీలంగానే ఉంది. మా ఇంట్లో అంత నిర్మలమైన గంజి అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ లేదు.

రెండో విడతతో తిరువళ్ళూరు వెళ్ళినప్పుడు షావుకారు మొదటి రుమాలు విప్పి కళ్ళు మూసుకుని ముఖానికి పట్టుకున్నాడు. కళ్ళు తెరిచాడు. రెండోది విప్పాడు, మూడోది విప్పాడు. తర్వాత బావను చూసిన చూపులో మా నాయన పొద్దుటి జాబితా మొత్తం ఉంది.

"ఎన్నయ్యా ఇది? మిల్లు గుడ్డ తెచ్చి నా నెత్తిన రుద్దుతా ఉండావా?"

"మిల్లు గుడ్డేమిటి షావుకారూ? మన వీధిలో నేసిందే. చూడండి, పోగు చూడండి, రంగు చూడండి..."

"రంగు నాకెందుకయ్యా?" అని షావుకారు రుమాలు బావ ముఖాన పెట్టాడు. "మోచి చూడు, వాసన చూడు. ఏమన్నా ఉండాదా? ఈ సరుకు పొయ్యేది ఆఫ్రికా ఒడ్డుకి. ఆడ అమ్మేదీ కొనేదీ ఆడోళ్ళే. దొరల సీమ మిల్లోడు మన రంగు దింపినాడు, మన గళ్ళు దింపినాడు, అంతా దింపినాడు. వాళ్ళు మోసపొయ్యి మోసపొయ్యి ఇప్పుడు ముక్కుతోనే కొంటారు. ఆ పుల్లవాసన ల్యాకుంటే ఇది చేత్తో నేసింది కాదు పో అని మూట తిప్పి పంపిస్తారు. పోయిన సారి బాగుండెనే! ఈసారి ఏం మాయ చేసినావు?"

బావ రుమాలు ముక్కుకు పెట్టుకుని గట్టిగా పీల్చాడు. పాపం, ఆయనకు ఏ వాసనా తెలియదు. నావైపు చూశాడు. నేనూ తీసుకుని చూశాను. ఉతికి ఆరేసిన గాలి వాసన. మూడు నీళ్ళు కడిగి బావ తీసేసింది, నేను బీగం వేసి బయట ఉంచింది, ఆ రుమాలులో లేనిది, మూడూ ఒకటే. ఆ అండాలో ముసలిది కలిపింది బావ గంజిని పాడుచేయలేదు, బట్టను అమ్మిపెట్టింది. తర్కశాస్త్రంలో నాకు మొదటి తరగతి వచ్చింది.

షావుకారు మూటలు వెనక్కి ఇచ్చేశాడు. నూలు ఇంక మా వీధికి లేదన్నాడు, ఆర్.కె.పేటలో అడిగేవాళ్ళు నిలబడి ఉన్నారన్నాడు. బావ ఆయన ముందు అంతసేపు నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. చివరికి ఒక్క మాట దక్కింది: వీధిలో ఇంకా గంజి పెట్టని పడుగులు రెండున్నాయి కదా, వాటిని నేసి అమావాస్యలోగా తెస్తే మోచి చూస్తానన్నాడు. అవి బాగుంటే నూలు, లేకపోతే ముప్ఫై మగ్గాలూ విప్పి పొయ్యిలో పెట్టుకోవచ్చు. రైల్లోంచి తిరుత్తణి కొండ కనిపించాక బావ అన్నాడు, "ఆ కుండ ఖాళీ చేసిందన్నావు కదూ?" అవునన్నాను. అంతే. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

మునెమ్మ ఇంటికి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని నూలు చుడుతోంది. లేవలేదు.

"రామ్మా, బీయే అమ్మణ్ణీ. కాగితం తెచ్చినావా?"

"లేదవ్వా."

"తెచ్చి ఉండాల్సింది. నా నాలికమీద పెట్టి చూద్దువు."

జరిగింది చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను, కాకపోతే ఆ వాక్యం కొంచెం మెల్లగా వచ్చింది. ఆమె కదురు ఆపి చాలాసేపు వీధిలోకి చూసింది. ముప్ఫై ఇళ్ళలో పొయ్యి వెలగడం గురించి ఆలోచిస్తోందో, నన్ను ఇంకెంతసేపు నిలబెట్టొచ్చునని ఆలోచిస్తోందో చెప్పలేను. రెండూ అయి ఉంటాయి.

"కుండ ఎండిపొయ్యింది. మళ్ళా పులియబెట్టినా అది వేరే గంజి, ఆ వాసన రాదు. నా చెల్లెలు చెంగమ్మ తామరైపాక్కంలో ఉండాది. మా యమ్మ కుండే ఆ పిల్ల గూడా తీసకపొయ్యింది. బతికించి ఉంటే ఉంటాది, లేకుంటే ల్యా." లేచి చీర దులుపుకుంది. "వస్తాను. ఆ మెడలో ఉండే బీగం చెవి నాకియ్యి."

ఇచ్చాను. ఆమె దాన్ని కొంగు చివర ముడి వేసి రెండుసార్లు లాగి చూసింది.

తిరువళ్ళూరులో రైలు దిగి, బండి కట్టించుకుని, కొసస్థలై ఏటి ఒడ్డున తామరైపాక్కం చేరేసరికి మధ్యాహ్నమైంది. దారంతా మునెమ్మ నాతో మాట్లాడలేదు. బండివాడితో మాత్రం అరవంలో నా గురించి మాట్లాడింది. నాకు అరవం వచ్చునని ఆమెకు తెలుసు. చెంగమ్మ కుండ బతికే ఉంది. కానీ ఆమె వెంటనే ఇవ్వలేదు. అక్కను కావలించుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నన్ను పైనించి కిందికి చూసింది.

"ఇదేనా గంజిని విసమన్న పిల్ల?"

వార్త మాకంటే ముందే ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. చెంగమ్మ ఒక గరిటెడు పుల్లగంజి ముంచి నా దోసిట్లో పోసింది. "తాగు. విసమైతే నువ్వే పోతావు, మాకేం బాధ ల్యా." తాగాను. పుల్లగా, కొంచెం నూనె వాసనతో, పాత చింతకుండ అడుగు వాసనతో ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పులుపువల్లే. అప్పుడు చెంగమ్మ మెత్తబడి, చెంబు నిండా గంజి పోసి, మూతికి గుడ్డ కట్టి, నాకు బొట్టు పెట్టి, పసుపు రాసి చేతిలో పెట్టింది. కుండ దాటించేటప్పుడు తీసుకుపోయే ఆడపిల్లకు అలా చేయాలట. పెళ్ళి కాకముందే నాకు జరిగిన సాగనంపు అదొక్కటే. దానికి ఏ సంబంధమూ చూడనక్కర్లేకపోయింది.

తిరుత్తణి స్టేషనులో దిగగానే కానిస్టేబులు పట్టుకున్నాడు. మా జిల్లాలో మద్యం నిషేధం, పక్క జిల్లాలో అంత పట్టింపు లేదు. అటునించి వచ్చే ప్రతి చెంబు మీదా వాళ్ళకు కన్ను. రైలు పెట్టెలో నా పక్కనున్నవాళ్ళు ఆ పుల్లవాసనకు అప్పటికే ఒక్కొక్కరే లేచి వెళ్ళి నాకు పడుకోడానికి చోటు ఇచ్చారు కూడా.

"ఏముందమ్మా అందులో?"

"గంజి," అన్నాను.

"గంజికి గుడ్డ కట్టి, బొట్టు పెట్టి, ఒళ్ళో పెట్టుకొని వస్తారా?"

ఇంగ్లీషులో వివరించాను. అది పొరపాటు. అతని అనుమానం గట్టిపడింది. చదువుకున్నవాళ్ళ ఇళ్ళలోనే ఈ వ్యాపారం ఎక్కువని పక్కనున్న కూలీతో చెప్పాడు. పది మంది పోగయ్యారు. నేను దొంగను కానని పదిమంది ముందు నిరూపించుకోవడం అంటే ఏమిటో ఆ ఫ్లాట్‌ఫారం మీద నాకు వివరంగా తెలిసింది. మునెమ్మ పక్కనే నిలబడి, తొందరపడకుండా, కాలు మార్చి కాలు మీద బరువు వేసుకుంటూ చూసింది. ఇంక చాలనుకున్నాక ముందుకొచ్చింది.

"తాగి చూడు సామీ. నోట్లో ఏసుకోకుండా కనుక్కుందామనుకునేవోళ్ళని మేం ముందే చూసినాం."

అతను వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు, ఉమ్మేశాడు, పొమ్మన్నాడు. బండి ఎక్కాక మునెమ్మ మొట్టమొదటిసారి నాతో మాట్లాడింది. "భయమేసిందా?" అన్నది. అవునన్నాను. "ఊఁ," అన్నది.

అమావాస్యకు రెండు రోజుల ముందు షావుకారు ఆ రెండు పడుగుల రుమాళ్ళను ముఖానికి పట్టుకుని మామూలుకంటే ఎక్కువసేపు ఉన్నాడు. బావ వెనక నేను, నా వెనక మునెమ్మ. ఎవరమూ ఊపిరి పీల్చలేదు, ఆయన ఒక్కడే పీల్చాడు. "ఇదే. ఇదే గదయ్యా నేనడిగింది," అన్నాడు. నూలు బళ్ళకెక్కింది. మునెమ్మ గిడ్డంగి గడప దాటాక కొంగు ముడి తడిమి చూసుకుంది, బీగం చెవి ఉందా లేదా అని.

తర్వాత బావ ఆ పిండిని పొట్లాలు కట్టి ఆర్.కె.పేట, పొదటూరుపేట, ఇంకా అవతల నేత వీధులన్నిటికీ అమ్మాడు. పొట్లంలో వేసే కాగితం రెండు భాషల్లోనూ నేనే రాశాను. ఎంత నీళ్ళు, ఎంతసేపు ఉడకాలి, అన్నీ రాసి, అడుగున, "మీ ఇంటి పాత గంజి ఒక చెంబు కలపండి. మీకు లేకపోతే ఉన్నవారిని మర్యాదగా అడగండి" అని రాశాను. బావ పాత కాలేజీవాళ్ళు దాన్ని చదివి చాలా నవ్వారని విన్నాను. వాళ్ళ దగ్గర ఇంతకంటే గొప్పవి ఎన్నో కనిపెట్టి ఉన్నాయి, బీరువాల్లో. బావ నోటు పుస్తకంలో రెండు గీతలు గీసిన ఆ వాక్యాన్ని కొట్టేసి ఏమైనా రాశాడేమోనని ఆయన పోయాక చూశాను. కొట్టేయలేదు. పక్కన చిన్న అక్షరాలతో "మునెమ్మ" అని మాత్రం ఉంది. చెవి తీసుకున్నాక మునెమ్మ కొట్టు తెరిచి, బీగాన్ని ఉత్తదే నొక్కి మూసి గోడ మేకుకు తగిలించింది, మరుసటేడు అక్క దాన్ని అలాగే తీసి దాచింది. చెవి లేదు కాబట్టి ఇంకెవరూ దేనికీ వేయలేదు.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గాలు నాలుగో ఐదో. మిగతా ఇళ్ళలో కరెంటు మగ్గాలు రోజంతా దడదడలాడతాయి, గంజి పట్టిన నూలు ఎక్కడినించో లారీల్లో వస్తుంది. చింతపిక్కల పొడి పెద్ద పెద్ద కంపెనీలు చేస్తాయట, బస్తా మీద పువ్వు బొమ్మ కూడా ఉంది. దానికి వాసన లేదు. కొనేవాళ్ళు వాసన అడగడం మానేశారు. దేన్ని పట్టి నమ్ముతున్నారో నాకు తెలియదు. ఏదో ముద్ర చూసి ఉంటుంది. ముద్రలంటే నాకు ఎప్పుడూ అనుమానమే. అక్క కార్యం అయ్యాక నేను ఆ బీగం సంచీలో వేసుకుని వీధిలోకి వెళ్ళాను. మునెమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. చెవి ఆమె ఇంట్లో ఎక్కడైనా పడి ఉంటుందేమో, ఒక్కసారి విప్పి చూడాలనిపించింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ తర్వాత నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడల్లా మునెమ్మ నన్ను చూసి ఆనందంగా నవ్వేది, చాప వేసేది, మజ్జిగ ఇచ్చేది. కానీ నేను ఆమె గడపలో కాలు పెట్టగానే ఆమె చేసే మొదటి పని, నవ్వుతూనే, కుండ మీద మూత పెట్టి దాని మీద చెయ్యి ఆనించడం. మేము మాట్లాడుకున్నంతసేపూ ఆ చెయ్యి అక్కడే ఉండేది.

ఈసారి ఆమె మనవరాలు తలుపు తీసింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం అరవమే. నేనెవరో చెప్పాను. "అయ్యో, రాండవ్వా, కూర్చోండి," అంటూ కుర్చీ తుడిచింది. తుడిచి, వంటింటి గుమ్మం దగ్గరున్న గిన్నె మీద గబుక్కున మూత పెట్టి, చెయ్యి దాని మీదే ఆనించి నిలబడింది.

"ఏముందమ్మా అందులో?" అన్నాను.

"దోసె పిండవ్వా."

"మరి మూత ఎందుకు పెట్టావు?"

ఆమె ఆలోచించింది. నిజంగానే తెలియదు పాపం. "మీరొస్తే మూత పెట్టాలని మా అమ్మ చెప్పి ఉండాదవ్వా," అన్నది. కొంచెం సిగ్గుపడి నవ్వింది, చెయ్యి మాత్రం తీయలేదు.